రెండు రోజుల కాంక్రీటు

నాయబ్ రసూల్ డ్రిల్లు ఆపి, గచ్చులో తొలిచిన ఆఖరి రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. పొడిగా రాలాల్సిన సిమెంటు వేలికి తడిగా అంటుకుంది. ఒళ్లు మండిపోయింది.

అలిపిరి రోడ్డులో ఆ ఇంటి కారుషెడ్డుకు పాలరాయి గోడలు, సెంటు చిమ్మే డబ్బా. యజమాని ధనశేఖర్‌కు పాత కార్లు కొని సొంతంగా బాగుచేసుకునే సరదా. కారును పైకెత్తడానికి రెండు స్తంభాల లిఫ్టు తెప్పించాడు. స్తంభం ఈశాన్యంలో పడుతోందని సిద్ధాంతి అనగానే, బాగా గట్టిపడిన పునాది వదిలేసి నాలుగడుగులు ఇవతల కొత్తది పోయించాడు. పోసి రెండు రోజులే అయింది. ముహూర్తమేమో ఇవాళ పది నలభైకి. ఇంత డబ్బున్న మనిషికి నెల రోజుల ఓపిక లేదు.

రసూల్ ఇరవయ్యారేళ్లుగా లిఫ్టులు బిగిస్తున్నాడు. పొట్టి మనిషి. మోకాళ్లు కాయలు కాచాయి, డ్రిల్లు మోతకు కుడిచెవి సగం పోయింది. ఎవరేం చెప్పినా "సరే సార్" అనడమే అలవాటు. పోయినేడు చంద్రగిరిలో పల్చటి గచ్చు మీద బిగించమంటే అలాగే బిగించి వచ్చాడు. అది ఒరిగి, మెకానిక్ ఆదిమూలానికి నడుము కింద చలనం పోయింది. చూడటానికి వెళ్తే ఆ మనిషి మంచంలోంచే టీ తెప్పించి ఇచ్చాడు. ఆ టీ తాగినందుకు రసూల్‌కు ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

"బోల్టులు పట్టవు సార్. ఇరవై ఎనిమిది దినాలు ఆగాల."

ధనశేఖర్ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఒక్కసారి ఎత్తి దించేయ్ భాయ్. హారతిచ్చేదానికే గదా."

అతని తల్లి శకుంతలమ్మ లిఫ్టు చేతుల మీది రబ్బరు దిమ్మలపై నాలుగు నిమ్మకాయలు పెట్టింది, టైర్ల కింద పెట్టినట్టే. కారు బరువు ఆ దిమ్మల మీదే ఆనాలి.

"ఆడ పెట్టకూడదమ్మా. రసం కారి బండి జారతాది."

"దిష్టి పోవాల గదప్పా. బండి పైకి లేసినాక కిందికి పోయి గుమ్మడికాయ నువ్వే కొట్టు. మావోడి పట్టుపంచెకు మరకలైతాయి."

రసూల్ తనను పనికి పంపిన కాంట్రాక్టరు జయరావుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"పెద్దోళ్లప్పా, ఎదురు చెప్పబాక. ఎత్తు."

"ఎత్తను."

ఆ మాట అతను అనడం ఇదే మొదలు.

"అట్లయితే రేపట్నించి రావాకు. గంటలో ఇంకో మనిషిని పంపిస్తా."

తను పోతే ఇంకొకడు వస్తాడు. వాడూ "సరే సార్" అంటాడు. రసూల్ ఫోను జేబులో వేసుకుని స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పొద్దున బిగించిన బోల్టును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి లాగాడు. అంటుకున్న తడి సిమెంటుతో సహా ఊడి వచ్చింది. దాన్ని తీసుకెళ్లి శకుంతలమ్మ చేతిలోని హారతి పళ్లెంలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

పది నలభై అయింది. ధనశేఖర్, తల్లి చెయ్యి పట్టుకుని స్తంభానికి దూరంగా ఇవతలికి లాగాడు. పళ్లెంలో వెలుగుతున్న కర్పూరం పక్కన, కుంకుమలో, జానెడు బోల్టు పచ్చి సిమెంటు ముద్దతో పడి ఉంది.