అడ్డం నిలబడ్డ శభాష్

ఆమె అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరికీ ఆమె రంగులమ్మే. నలుగురు కలిసి ఆడే పాటల ఆటలో తెర మీద కనిపించే ప్రతిదీ ఆమె గీసిందే. ఆట తేలికే. పాట మోగుతుంటే తెర మీద నాలుగు దారులుంటాయి, తలా ఒకటి. దారి వెంట చుక్కలు జారుతూ వస్తాయి. చుక్క కింది గీతను తాకిన క్షణంలో చేతిలోని మీట నొక్కాలి. తాళం తప్పారా, ఆ చుక్క పోయినట్టే.

అన్నిట్లోకీ ఆమె ప్రాణం 'శభాష్' మీదుంది. ఎవరైనా వరసగా పది చుక్కలు కొడితే వాళ్ళ దారిలో, గీతకు కాస్త పైన, ఆ మాట మొగ్గలా విచ్చుకుని, బంగారు రంగు చిమ్మి, తీరిగ్గా కరిగిపోతుంది. మూడు నెలలు కళ్ళు పీక్కుపోయేలా కూర్చుని గీసింది. ఆఫీసులో అది విచ్చుకున్నప్పుడల్లా పాటలాయన, అంటే ఆటకు పాటలు కట్టే మనిషి, కుర్చీలోంచి లేచి సలాం కొట్టేవాడు.

మంగళవారం పరీక్ష. ఆ ఆట మొహం ఎన్నడూ చూడని నలుగుర్ని పిలిపిస్తున్నారు. వాళ్ళు విసిగి మధ్యలో మీట వదిలేయకుండా ఒక్క పాట చివరిదాకా ఆడితే సరేసరి, లేకపోతే నలుగురాట తీసేసి ఒక్కరాడే ఆటగా బయటికి పంపేస్తానని పెద్దాయన తేల్చి చెప్పేశాడు. ఆఫీసులో ఆయన మాటకు తిరుగులేదు. నలుగురాట పోతే రంగులమ్మ రెండేళ్ళ పని చెత్తబుట్టలోకే. అయినా ఆమెకు బెంగ లేదు. ఆఫీసులో ఆడిన ప్రతిసారీ అందరికీ నూటికి తొంభై దాటుతూనే ఉన్నాయి మరి.

ఆ ధీమాతోనే ఆదివారం ఆటపెట్టె చంకన పెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని బట్టలు కుడుతుంది. ముందుగది నిండా కత్తిరించిన ముక్కలు, హ్యాంగర్లకు వేలాడే చేతుల్లేని చొక్కాలు. వాటిని పక్కకు జరిపి, టీవీకి ఆట తగిలించి, పిన్నినీ బాబాయినీ వాళ్ళమ్మాయినీ వరసగా కూర్చోబెట్టింది. నాలుగో మీట తను పట్టుకుంది గానీ, ఆడటం మానేసి వాళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న కాలు పిన్నిది. తాళం ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు. చకచకా పది చుక్కలు కొట్టింది. శభాష్ విచ్చుకుంది. వెనకాలే మూడు చుక్కలు పోయాయి. మళ్ళీ పది, మళ్ళీ శభాష్, మళ్ళీ మూడు పాయె. బాబాయి మాత్రం ఏడెనిమిది కొట్టి ఒకటి వదిలేస్తున్నాడు. శభాష్ ఆయన గుమ్మం తొక్కనే లేదు. పాట అయ్యేసరికి ఆయనే గెలిచాడు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆయన గెలవడం అదే మొదలు, ఇక ఆయన సంబరానికి పట్టపగ్గాలు లేవు.

పిన్ని మీట పక్కన పెట్టి, “ఏమే, ఈ శభాష్ ఎవరు పెట్టారు?” అనడిగింది.

“నేనే పిన్నీ. బాలేదా?”

“బాగుందే. బాగుంది కాబట్టే దాన్ని చూస్తూ కూర్చుంటున్నా. నేను కుడుతుంటే మీ బాబాయి వచ్చి సూది మీదకి వంగి, భలే కుడుతున్నావోయ్ అంటే ఏమవుతుంది? నా వేలు పోతుంది. మెచ్చుకోవద్దని కాదమ్మా. సూది పడే చోట నిలబడి మెచ్చుకోవద్దంటున్నా.”

రంగులమ్మకు ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలుగా ఆఫీసులో అంతమంది ఆడుతున్నారని, వాళ్ళకెవరికీ రాని అడ్డం నీకొక్కదానికే వచ్చిందా అని అనేసి, ఆటపెట్టె సర్దుకుని మొహం మాడ్చుకుని బయల్దేరింది. బస్సెక్కి కూర్చున్నాక ఆ మాటే తిరిగి ఆమెను పట్టుకుంది. నిజమే, వాళ్ళకెందుకు రాలేదు?

సోమవారం పొద్దున పాటలాయన, ఇంకో ముగ్గురు ఎప్పటిలాగే ఆట మొదలుపెట్టారు. రంగులమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి తెర ఆపేసింది. తెర నల్లబడింది, పాట మాత్రం మోగుతోంది. ఒక్కరూ ఆగలేదు. ఒకాయన టీ తాగుతున్నాడు, ఒకావిడ కిటికీలోంచి బస్టాపు చూస్తోంది, వేళ్ళు మాత్రం మీటల మీద పడుతూనే ఉన్నాయి. పాటలాయన సరిగ్గా సమయానికి లేచి, నల్లటి తెరకు సలాం కొట్టి కూర్చున్నాడు. తెర వెలిగించి చూస్తే నూటికి తొంభై మూడు.

ఎనిమిది నెలలూ ఒకే పాట మీద పరీక్షిస్తూ వచ్చారు. వేళ్ళకు అది కంఠతా వచ్చేసింది. ఆమె గీసిన తెర వంక చూసి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలీదు. సంగతి తెలిశాక ముందు పాటలాయనే పగలబడి నవ్వాడు. రంగులమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఉన్నది ఒక్క రోజు. గీతకు పైన జానెడు మేర చుక్కలు తప్ప మరేమీ కనబడకూడదని నిర్ణయించుకుంది. మూడు నెలల శభాష్‌ని అక్కణ్ణుంచి తీసేస్తుంటే గుండె చివుక్కుమంది. పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. పాట అయిపోయి అందరి చేతులూ ఖాళీ అయ్యాక, నాలుగు దారులూ ఒకటై తెరంతా అది విచ్చుకునేలా పెట్టింది. మధ్యలో పది కొడితే దారి అంచు కాస్త వెలుగుతుంది, అంతే. సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి, నిన్న నోరు జారానని చెప్పుకుంది. మీ బాబాయి ఇంకా గెలిచిన కథే చెబుతున్నాడు, ముందు దానికి మందు చెప్పమంది పిన్ని.

మంగళవారం ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు, ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారు, కాలేజీలో చదివే అమ్మాయి వచ్చారు. ఒకరికొకరు కొత్త. మొదట్లో డ్రైవరు మాస్టారి చుక్కలు కూడా తనవేననుకుని కంగారుపడ్డాడు. కాసేపటికి ఎవరి దారి వాళ్ళకు దొరికింది. పాట సగానికొచ్చేసరికి మాస్టారి కాలు నేల మీద తాళం వేస్తోంది. వెనక గోడకానుకుని నిలబడ్డ రంగులమ్మ పోయిన చుక్కలు లెక్కపెట్టుకుంటోంది. పాట ముగిసింది. తెరంతా శభాష్ విచ్చుకుంది. నర్సు పక్కనున్న అమ్మాయి భుజం చరిచింది, ఆ అమ్మాయి తీరిగ్గా పైనుంచి కిందిదాకా ఆ మాట చూసింది.

ఇంకో పాట పెట్టమన్నారు. తర్వాత ఇంకోటి. నాలుగోది కూడా అయ్యాక పెద్దాయన, నలుగురాట ఉంటుందని ఒక్క ముక్క చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. రంగులమ్మ మెట్ల మీదకొచ్చి పిన్నికి ఫోన్ చేసింది.

“ఎలా జరిగిందే?”

“నాలుగు పాటలాడారు పిన్నీ. పాట భలే ఉందన్నారు, ఆట భలే ఉందన్నారు. తెర గురించి మాత్రం ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు.”

“చొక్కా బాగుందంటారు గానీ, కుట్టు బాగుందని ఎవరంటారే? సరిగ్గా కుట్టావన్నమాట,” అంది పిన్ని.

రంగులమ్మ చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చుని, తనలో తను నవ్వుకుంటూ ఉండిపోయింది. లోపల ఐదో పాట మొదలైంది.