గుమ్మం వైపు

ఊగుడు గుర్రం మళ్ళీ జరిగింది. పొద్దున ఆమె దాన్ని కిటికీ కింద సర్ది పెట్టింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి గది మధ్యలో ఉంది, మొహం వీధి గుమ్మం వైపు. పాప పోయాక ఆ గదిలోకి ఆమె తప్ప ఎవరూ అడుగు పెట్టడం లేదు.

భర్త చూశాడు. వెళ్ళి ముసలి వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు.

వడ్రంగి నేల మీద కూర్చుని గుర్రం కాళ్ళ కింది వంపు చెక్కల్ని తడిమాడు. "పాతకాలం పని. మీ తాతగారిదా బాబూ?"

"ఆయన ఊగిందే. తర్వాత నాన్న, నేను."

"వంపు చెక్కలవన్నీ ఇంతే. పిల్లలు ఊగేకొద్దీ ముందుకు పాకుతాయి. గోడల్ని గుద్దేవి, పెద్దవాళ్ళ కాలివేళ్ళు నలగ్గొట్టేవి. ఆ గోల పడలేకే తర్వాత స్టాండు గుర్రాలొచ్చాయి. ఎంత ఊగినా చోటు కదలవు."

"దీనికీ స్టాండు బిగించెయ్యి బాబాయ్. నేల వాలు కదా, ఊరికే జారుతోంది."

వడ్రంగి రసమట్టం తీసి నేల మీద పెట్టి చూశాడు. "వాలు కిటికీ వైపుంది. జారితే వెనక్కి జారాలి."

"నీ మట్టానికీ నీ వయసే ఉన్నట్టుంది."

"మా ఇద్దరికీ ఇంకా చత్వారం రాలేదులే." వడ్రంగి ఆమె వైపు తిరిగాడు. "బిగించమంటావా అమ్మాయ్?"

ఆమె వీధి గుమ్మం వైపు చూసింది. స్టాండు బిగిస్తే గుర్రం ఇక కదలదు. వదిలేస్తే నేడో రేపో గడప దాటుతుంది. పాపకు వీధిలోకి వెళ్ళడమంటే ప్రాణం. జబ్బులో కూడా మంచం మీంచి చెప్పుల కోసం చెయ్యి చాపేది.

"వద్దు బాబాయ్."

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు భర్త. "రోజూ దీన్ని చూస్తూ ఎలా బతకమంటావు? ఎక్కడికి పోతోందో తెలియక చస్తున్నాను."

"పోనివ్వను."

ఆమె జూలు పట్టుకుని గుర్రాన్ని ఇంటి లోపలికి తిప్పింది. దానికి ఎదురుగా నేల మీద కూర్చుని, తప్పటడుగులు వేసే పిల్లను పిలిచినట్టు రెండు చేతులూ చాపింది.

చెక్క కిర్రుమంది. గుర్రం మెడ మీద ఆనించిన చెయ్యి వడ్రంగి చటుక్కున తీసేశాడు.

గుర్రం ఊగింది. వేలెడంత ముందుకొచ్చింది.

భర్త వెళ్ళి వీధి తలుపు మూసి, గడియ పెట్టి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.