పొద్దున పదింటికి మోగిన శంఖం

మా ఊరి పిల్లల బడి తనిఖీకి రాజధాని ఆపియా నుంచి పెనీనా గారు వచ్చారు. తెర చాటున నేను వాయించే వాద్యమేదో పిల్లలు చెప్పాలి, ఆ శబ్దం ఎలా ఉందో సొంత మాటల్లో వర్ణించాలి. మూడు వాద్యాలు, ఆవిడ కాగితంలో మూడు గళ్లు. మూడూ నిండితేనే బడికి గుర్తింపు. లేదంటే నా ఉద్యోగం ఊడుతుంది, ఈ పన్నెండు మంది పిడుగులూ పక్క ఊరి బడికి బస్సెక్కుతారు. అక్కడి టీచరు నవ్వగా చూసినవాళ్లు మా దీవిలో లేరు.

లుంగీ ఒకటి అడ్డం కట్టి, దాని వెనక కూర్చుని నాలుగు తీగల యుకులేలే మీటాను.

"యుకులేలే!"

"ఎలా ఉంది?" అని అడిగారు పెనీనా గారు.

"మా పిన్ని ఫోన్లో నవ్వినట్టుంది" అంది సెఫీనా. దానికి నాలుగేళ్లు, ఊరి పెద్ద తుయిలాంగి గారి మనవరాలు. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

చెక్క డోలు కొట్టాను. "మెట్ల మీద కొబ్బరికాయలు దొర్లినట్టుంది" అన్నారు పిల్లలు. రెండు గళ్లు నిండాయి. అక్కడితో బుద్ధిగా ఈల ఊది ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేనెందుకవుతాను? సభ ఇంట్లో వేలాడే ఊరి శంఖాన్ని చెప్పకుండా పట్టుకొచ్చాను. బలంకొద్దీ ఊదాను.

తెర అవతల పిల్లల చప్పుడు లేదు.

తొంగిచూస్తే పన్నెండు మందీ బాసింపట్లు వేసి, తలలు వంచి, కళ్లు మూసుకున్నారు. సాయంత్రం ఆ శంఖం మోగితే ఎక్కడివాళ్లక్కడ ప్రార్థనకు కూర్చోవాలి, మళ్లీ మోగేదాకా లేవకూడదు. ఈమధ్య ఎండ పోకముందే మోగుతోంది. పాస్టరు గారి గడియారం ప్రకారమే ఊదుతారు కనక, అది పాడైందని అందరం ఆయన్ని ఆడిపోసుకుంటున్నాం. ఇదంతా నాకు తెలుసు, సమయానికి బుర్రలోకి రాలేదు, అంతే. పెనీనా గారూ కలం కింద పెట్టి తల వంచేశారు. బయట కొబ్బరి కోరే చప్పుడు కూడా ఆగిపోయింది. పొద్దున పదింటికి ఊరు ఊరంతటినీ దేవుడికి అప్పజెప్పాను.

"ఎవత్తే ఊదింది?"

తుయిలాంగి గారు. తలనిండా సబ్బు నురగ.

"స్నానం మధ్యలో కూలబడి సగం ప్రార్థన చేశాక గుర్తొచ్చింది, ఇంకా పొద్దున తిండే తినలేదని! దేవుడి శంఖంతో ఆటలా? సాయంత్రం సభ పెడతా. నీ బడికి తాళం!"

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే భయం వేసింది.

పెనీనా గారు కళ్లు తెరిచి, సిగ్గుపడి, కలం తీసుకున్నారు. "ఒక్క నిమిషమండీ, మూడో గడి మిగిలింది. పిల్లలూ, ఇదేంటి?"

"శంఖం" అన్నారు కళ్లు మూసుకునే.

"ఎలా ఉంది?"

సెఫీనా ఒక కన్ను తెరిచింది. "తాతకి ఆకలేసినట్టుంది."

"అదెలాగమ్మా?"

"ప్రార్థన అయితేగానీ అవ్వ తిండి పెట్టదు. అందుకని ఎండ ఉండగానే శంఖం ఊదే అబ్బాయితో 'ఊదరా' అంటాడు తాత."

తుయిలాంగి గారి నురగ జారి కంట్లో పడింది. ఆయన తుడుచుకోలేదు. పెనీనా గారు మూడో గడిలో రాస్తూనే ఉన్నారు. గడి చాలక కాగితం తిప్పారు.

ఆయన నా చేతిలోంచి శంఖం లాక్కున్నారు.

"సభ ఎన్నింటికండీ?" అన్నాను.

"ఏ సభ?" అని, గుమ్మంలోకి వెళ్లి, ఊరు లేవడానికి ఊదారు.

పిల్లలు పన్నెండు మందీ లేచి తిండి అడిగారు.