పంతులుగారబ్బాయి నేత

అనంతపద్మనాభానికి కంబోడియా సీటు వచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. వేడి చేసిందేమోనని అమ్మ నుదురు ముట్టి చూసింది.

గుంటూరులో ఇద్దరం కలిసి బి.ఏ. చదివాం. వాడు మంగళగిరి బడిపంతులుగారి కొడుకు. నేను మగ్గం నేసే భావనారాయణ కొడుకుని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. పరీక్షలయ్యాక పేపర్లో ప్రకటన కలిసే చూశాం. కంబోడియాలోని ఆంగ్కోర్ గుళ్ల దగ్గర ఏడాది సేవ. శిథిలాల చుట్టూ పొదలు కొట్టాలి, పక్క పల్లెలో పిల్లలకు చదువు చెప్పాలి, ఆడవాళ్లకు చేతిపని నేర్పాలి. జీతం లేదు. ఓడ ఖర్చూ తిండీ సేవాసంఘం వాళ్లవి. జిల్లాకు ఒక్కరే. ఆ గోపురాలకు చెట్ల వేళ్లు చుట్టుకున్న బొమ్మ కాలేజీ లైబ్రరీలో ఎన్నిసార్లు చూశానో. ఆ పుస్తకం పద్మనాభానికి చూపించింది కూడా నేనే.

ఇంటర్వ్యూకి మద్రాసు నుంచి సంఘం తరఫున శ్రీమన్నారాయణగారు వచ్చారు. చేతిపని ఏమైనా వచ్చా అని అడిగారు. బి.ఏ. చదివినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అనిపించింది. ఏమీ రాదన్నాను. మీ నాన్న ఏం చేస్తారంటే బట్టల వ్యాపారమన్నాను. నా తర్వాత లోపలికి వెళ్లిన పద్మనాభం తనకు మగ్గం నేయడం వచ్చునని చెప్పాడు. మా ఇంటికి వచ్చినప్పుడు సరదాకి మగ్గం మీద పోగు చుట్టిన నాడె అటూ ఇటూ విసిరేవాడు, అంతే. సీటు వాడిదయింది.

ఇక రోజూ మా ఇంట్లోనే.

"ఒరేయ్ పానకాలూ, అక్కడ నన్ను నవ్వులపాలు కానీకురా. నాలుగు మెలకువలు చెప్పు" అన్నాడు.

చెప్పాను. నాన్న నేర్పమన్నాడు మరి. వాడు మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంటే వీధంతా మా గుమ్మంలోనే. పంతులుగారబ్బాయి నేస్తున్నాడట! అమ్మ పని ఆపుకుని వచ్చి, ఆ చెయ్యి ఎంత కుదురుగా ఆడుతోందో చూడమనేది నాతో. చిన్నప్పటినుంచీ నేనూ ఆ గుంటలోనే కూర్చున్నాను. నా చెయ్యి వంక ఎవరూ చూడలేదు.

బయలుదేరే ముందు వాడి పని ఒకసారి చూస్తానని శ్రీమన్నారాయణగారు మంగళగిరి వచ్చారు. వాళ్లింట్లో మగ్గం లేదు కనుక పద్మనాభం ఆయన్ని మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన నన్ను గుర్తుపట్టి తలూపారు. నేను గోడవారకు జరిగాను.

జానెడు బాగానే నేశాడు. అప్పుడు పడుగులో పోగు తెగింది. వాడు కొసలు వెతికి ముడి వేయబోతే జారిపోయింది. మళ్లీ లాగేసరికి పక్క పోగు కూడా తెగింది. వాడలా తడబడితే చూడాలనే నిలబడ్డాను. కానీ అది నాన్న నేస్తున్న చీర. వంగి, పోగు జారకుండా చిటికెడు బూడిద వేళ్లకు అద్దుకుని, కొసలు రెండూ కలిపి మెలిపెట్టాను. రెండో పోగూ అతికాను.

శ్రీమన్నారాయణగారు నా వేళ్ల వంకే చూస్తున్నారు.

"నీకు చేతిపని రాదన్నావు కదయ్యా?"

"రాకపోవడమేంటండీ" అని నాన్న నవ్వాడు. "మీసం రాకముందే గుంటలో దిగాడు. మావాడంత నున్నగా పోగు అతికేవాడు ఈ వీధిలో లేడు."

"మరి మీది బట్టల వ్యాపారమన్నాడే?"

నాన్న నవ్వు ఆగిపోయింది. నా వంక చూడలేదు, చీర వంక చూశాడు. ఆ రోజు అబద్ధమాడానండీ, నేతే మా ఇంటి పని అని నేనొక్క మాట అంటే ఆ ఓడ నాదయ్యేదేమో. పద్మనాభం గుంటలోంచి తలెత్తి "చెప్పరా" అన్నాడు మెల్లగా. నాన్న ఎదుట ఆ మాట అనలేక వేళ్లకంటిన బూడిద తుడుచుకున్నాను.

"వ్యాపారమేనండీ" అన్నాడు నాన్న. "చీరలు అమ్ముకుంటాం గదా. మావాడు సరిగ్గానే చెప్పాడు. మగ్గమంటారా, ఏదో ఇంట్లో ఉందంతే."

ఆయన పోగు అతకడం బాగా నేర్చుకోమని పద్మనాభానికి చెప్పి వెళ్లిపోయారు. ఆ వారంలోనే వాడు మద్రాసు వెళ్లడానికి రైలెక్కాడు. వీధి సగం స్టేషనుకు పోయింది. నాకు తలనొప్పిగా ఉందన్నాను.

మర్నాడు పొద్దున్నే గుంటలో దిగి నాడె అందుకున్నాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతులో కోపం కూడా లేదు.

"నీకెందుకురా ఇది? లే, పోయి ఉద్యోగం చూసుకో."

నాడె పక్కన పెట్టి లేచాను. పద్మనాభాన్ని ఆ గుంటలోంచి నాన్న ఒక్కనాడూ లేపలేదు.