నిద్రమాత్రకు అంటగట్టిన వైద్యం

నేను ఒక మెలటోనిన్ మాత్రల షీటును. మనిషికి నిద్ర పట్టించడం వరకే నా పని. చీకటి పడితే మీ తలలో దానంతటదే ఊరే పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి నాలో నింపారు. ఒంట్లో ఉన్నది చాలక కొనుక్కునే జాతి మీది. అక్కడికే నాకు అసహ్యం. తర్వాత చూసింది చెబితే మీకూ వేస్తుంది.

చిలకలూరిపేటలో నన్ను కొన్నవాడు ప్రభుదాసు. పేపర్లో ఆరోగ్యం వార్తలు కత్తిరించి నోటుపుస్తకంలో అతికించడం, అడగనివాళ్లకు కూడా వైద్యం చెప్పడం ఆయన అలవాటు. ఆ రోజు మొదటి పేజీలో నా గురించే పడింది. అంటురోగాల మీద మెలటోనిన్‌తో కొత్త ఆశలట. కింద ‘మిగతా 7లో’ అని ఉంది. ఆయన అంతవరకే కత్తిరించి, నన్ను కొనుక్కొచ్చి, ఏడో పేజీ మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నాడు. పక్కనే ఉన్నాను గనక నేను చదివాను. ఇప్పటిదాకా ఎక్కువగా ఎలుకల్లోనే చూశారనీ, పనికొస్తే అసలు మందులకు తోడుగానే తప్ప బదులుగా కాదనీ, మనుషుల్లో ఇంకా తేలాలనీ అందులో ఉంది. ఆయన నూనె చేతులు దానికే తుడుచుకుని, ఆ జిడ్డు వేళ్లతోనే నన్ను పట్టుకున్నాడు. ఛీ.

ఆయన మరదలు ఏసుమణి స్పిన్నింగు మిల్లు కార్మికురాలు. టీబీకి రెండు నెలలు మందులు మింగింది, ఇంకా నాలుగు నెలలు మింగాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టి, పదో తరగతి చదివే కూతురికీ అంటుతుందని ఆస్పత్రిలో చెప్పే పంపారు. కానీ ఆ మందులతో కడుపులో తిప్పుతోందని, ఒంటేలు ఎర్రగా వస్తోందని ఆమె ఏడుస్తోంది.

“పేపర్లోనే వేశారు మణీ. ఇంక వాటిని మానెయ్,” అని ప్రభుదాసు నన్ను ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మానేసింది. ఆశా కార్యకర్త నాగరత్తమ్మ అడిగితే వేసుకుంటున్నానని అబద్ధమాడి, టీబీ మాత్రలు పెంట మీద పారబోసేది. నేను నా పని చేశాను. హాయిగా నిద్ర పడుతోంది గనక జబ్బు పోయిందనుకుంది. నావంటి షీట్లు ఐదు తెప్పించుకుంది. మళ్లీ కొనేటప్పుడు చూపించడానికి నన్ను ఖాళీగా గూట్లో దాచింది.

మందులు మానేసిన రెండో నెలకు ఆమెకు దగ్గు మళ్లీ మొదలైంది. నాగరత్తమ్మ వచ్చి, నన్ను తిప్పి చదివింది.

“ఇది నిద్రకేసుకునేది కదే. టీబీ మందులేయి?”

ఏసుమణి పెంట వైపు చూసింది. ప్రభుదాసు నోటుపుస్తకం తెచ్చి చూపించబోయాడు, ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. సంచిలోంచి టీబీ పరీక్షకు తెమడ పట్టే డబ్బాలు రెండు తీసి గట్టు మీద పెట్టింది.

“రెండెందుకక్కా?”

“లోపల దగ్గేది నీ కూతురే కదా?”

ఏసుమణి అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.