చెరో చెవి

నా మొగుడు సర్వర్‌కు ఎడమ చెవి లేదు. అంటే ఉంది, పనిచేయదు. మణుగూరు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డ్రిల్లింగ్ మిషన్ పక్కన నిలబడ్డవాడికి ఒక చెవి మిగలడమే ఎక్కువ.

రిటైరయ్యాక ఊరుకుంటాడా? లైసెన్సు తెచ్చుకుని దూరం ఊళ్లవాళ్లతో గాలిలో మాట్లాడే హామ్ రేడియో ఇంట్లో పెట్టాడు. అది చాలదన్నట్టు రెండు రిసీవర్లు. మిద్దె మీద రెండు తీగలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. బట్టలారేసుకోవడానికి నాకు చోటు లేదు. రెండెందుకని సాధిస్తే, గాలిలో వచ్చే మాట ఒక తీగ మీద కుంగినప్పుడు రెండో తీగ మీద నిలబడుతుందన్నాడు. ఒక్కో రిసీవర్‌ను ఒక్కో చెవితో వినాలట. ఒక చెవి వదిలిన ముక్కను రెండో చెవి అందుకుంటుందట.

ఆయనకున్నది ఒక్క చెవి. రెండోది నాదయింది. ఒక రిసీవర్ హెడ్‌ఫోన్ ఆయనకు, ఇంకోటి నాకు. కూర తరుగుతూనే వినేదాన్ని. మా ఇద్దరి మధ్య షరతు ఒకటే. చెవిలో పడ్డ మాట పడ్డట్టు పైకి చెప్పాలి. దాచుకోకూడదు.

మొన్న గోదావరి పొంగి సెల్ టవర్లన్నీ పడుకున్నాయి. ఏటి అవతల గూడెం జనం బడి మిద్దె ఎక్కారు. సారపాకలో ఉండే సంపత్‌కూ మా ఆయనలాగే రేడియో పిచ్చి. సెట్టు పట్టుకుని ఆ గూడేనికి పోయాడు. బ్యాటరీలు మోయడానికి మా అజ్మల్ వెంట వెళ్లాడు. మాకు ఒక్కడే కొడుకు. వద్దంటే వింటాడా, తండ్రి పోలిక.

పడవల వాళ్ల మనిషి పూల్‌సింగ్ వాకీటాకీతో మా గడపలో కూర్చున్నాడు. గూడేనికి ఏ దారిన పోవాలో అక్కడినుంచి సంపత్ చెబితే తప్ప పడవలు కదలవు.

మధ్యాహ్నం సంపత్ గొంతు వచ్చింది. "బడి గోడ పగిలింది. మిద్దె ఎక్కువసేపు ఆగది. దారి చెప్తున్న, రాసుకోండి." తర్వాత కాసేపు గరగర. మళ్లీ గొంతు. ఈసారి ఏడుస్తున్నాడు. "అన్నా, మన అజ్మల్ కొట్టుకపోయిండు. తాడు కట్టబోయి జారిండు. పాణం పోయినంకనే దొరికిండు."

పక్కన కూర్చుని చెప్పినట్టు పడింది ఆ మాట నా చెవిలో.

చావు కబురు వింటే మాలో వెంటనే ఇన్నా లిల్లాహి అనాలి. అది నోటిదాకా వచ్చింది. ఆయన వైపు చూశాను. కలం పట్టుకుని కాగితం మీదికి వంగి ఉన్నాడు. చెప్పానంటే ఆ చేయి ఇక రాయదు. మిద్దె మీద ఉన్నవాళ్లకూ తల్లులున్నారు. గొంతు బయటికి రానీయకుండా పెదవులతోనే అనుకున్నాను.

"నీ దిక్కు ఏమన్న పడ్డదా?" అని అడిగాడు.

"గరగర తప్ప ఏం లేదు. అటు?"

"ఇటూ గంతే."

ఆయన పెదవులు కదులుతున్నాయి. సంపత్ ముందు చెప్పిన మాటలే మళ్లీ అనుకుంటున్నాడనుకున్నాను.

దారి మొదలైంది. "రోడ్డు దిక్కెల్లి రావద్దు..." అని ఆయన అంటూ ఆగిపోయాడు, అటు కుంగింది. నేను అందుకున్నాను. "నీళ్ల కింద కరెంటు తీగలున్నయి. జామాయిలు తోటలకెల్లి రావాలె." అంతలో నా వైపు కుంగింది. ఆయన అందుకున్నాడు. "తోట దాటినంక ఎడమకు మళ్లాలె." పూల్‌సింగ్ ఆ మాటలను పడవలకు అందించాడు.

ఏటి ఒడ్డుకు పోయిన పూల్‌సింగ్ చీకటి పడకముందే మళ్లీ గడపలోకి వచ్చాడు. "అందరిని తెచ్చిండ్రమ్మా. అటెన్కనే మిద్దె కూలింది" అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టాను. "ఒక మాట దాచిన" అన్నాను.

"ఎరుకే" అన్నాడాయన. "నీ పెదవులు చూసిన. నా దిక్కు గూడ మంచిగనే వచ్చింది, ఖమర్."

ఇన్నేళ్లలో ఆ రెండు తీగల మీద ఒక్క మాటైనా రెండు వైపులా పూర్తిగా అందలేదు. అదొక్కటే అందింది.

అప్పుడు ఇద్దరం పైకి అన్నాం, ఇన్నా లిల్లాహి అని.