ఊడని కుట్టు

కాలేజీ బీరువాలో ఎండుమొక్కలు కాగితాల మీంచి ఊడిపోతున్నాయని లెక్చరర్ భవాని కబురు పెడితే, కాజీపేటలో మగ్గం పని చేసే మెహ్జబీన్ సూదీ దారం పట్టుకుని హనుమకొండ వచ్చింది. నూట యాభై ఏళ్ల కింద థార్న్‌బీ అనే ఇంగ్లీషు దొర ఈ చుట్టుపక్కల గుట్టలన్నీ కాలినడకన తిరిగి ఏరి, కాగితాలకు కుట్టుకున్న మొక్కలవి.

మొదటి కట్టలో దొర చేతిరాత నిటారుగా ఉంది. కుట్లు మాత్రం మొరటువి, ఒకదాని మీద ఒకటి మూడేసి ముడులు.

"సూది పట్టుడు రాదు పాపం," అని నవ్వుకుంది మెహ్జబీన్.

కట్టలు మారుతుంటే దొరకు వయసు పెరిగింది. కాగితాల మీది తేదీల్లో నలభై ఏళ్లు గడిచినా ఆ ముడి మారలేదు గాని, రాత వణకసాగింది. ముడులు విప్పుతున్న ఆమెకు, ఆ మనిషి తన పక్కనే కూర్చుని ముసలివాడవుతున్నట్టు అనిపించింది.

ఆఖరి కాగితం మీద తంగేడు కొమ్మ ఉంది. కింద రాత గీతల్లా చెదిరిపోయింది. కాగితం తిరగేసిన మెహ్జబీన్ చెయ్యి ఆగిపోయింది. ముడి లేదు. దారం కొసను కుట్ల కిందికే దూర్చి దాచారు. తను నానీ అని పిలిచే అమ్మమ్మ చిన్నప్పుడు ఆమెకు నేర్పిన పద్ధతే అది.

"ఇది దొర కుట్టలే మేడం. చేతులు వణుకుతుంటే చూడలేక మనోళ్లెవరో కుట్టిచ్చిండ్రు."

"పేరేమన్న ఉందా అక్కా?" అంటూ భవాని వంగి చూసింది. ఎక్కడా లేదు.

మెహ్జబీన్ కొమ్మను వేలితో మెల్లగా కదిపింది. తర్వాత సూదిని డబ్బాలో పెట్టేసింది.

"దీన్ని నేను ముట్ట మేడం. ఇదొక్కటే ఊడలే."